డబ్బా మీది మాట, అద్దం మీది అంకె

ఇంట్లో వెల్డింగ్ చేసుకునేవాళ్ళు ఆటో డార్క్ హెల్మెట్ కొనేముందు చదవాల్సిన ఒకే ఒక్క వరుస

"ఇప్పుడు ఇంటింటా వెల్డింగే. హెల్మెట్ ఏది కొనాలో తేల్చి చెప్పండి, శుక్రవారానికల్లా కాపీ కావాలి" అన్నారు ఎడిటర్‌గారు. మాటలో కాస్త అతిశయం ఉన్నా అబద్ధం లేదు. ఇన్వర్టర్ మెషిన్ సంచిలో పట్టేంత చిన్నదై, సొంతంగా కొనుక్కోగలిగే ధరకి దిగాక మిద్దెతోట కుండీల స్టాండు, పెరటి గేటు, విరిగిన గుంటక బద్దె లాంటివాటికి జనం షాపు దాకా పోవడం మానేశారు. మెషిన్‌తో పాటు డబ్బాలో వచ్చే చేతి షీల్డు పక్కన పడేసి కూలింగ్ గ్లాసులతో టాకులు వేసేవాళ్ళూ ఎక్కువే. ఈ కథనం వాళ్ళకి కూడా.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పనిముట్ల షాపులకి వెళితే కౌంటర్ మీద మొదట పడేది డబ్బా ముందువైపు: సోలార్, ట్రూ కలర్, 1/25,000 సెకను. "సార్, రెప్ప వెయ్యకముందే నల్లబడుతుంది" అంటాడు షాపాయన. ఆ మాటలన్నీ అమ్మేవాడి కోసం. మన కంటి కోసం రాసింది వేరే ఉంది. హెల్మెట్‌లోంచి అద్దం చట్రం బయటికి తీసి అంచు చూస్తే, చత్వారం వచ్చినవాళ్ళకి భూతద్దం కావాల్సినంత సన్నగా ఒక వరుస కనిపిస్తుంది. ఇంచుమించు ఇలా:

4 / 9–13, తయారీదారు గుర్తుగా కొన్ని అక్షరాలు, 1/1/1/2/379

ఈ కథనానికి సేకరించిన బ్రోషర్లన్నిటికంటే ఈ వరుసే ఎక్కువ సంగతులు చెప్పింది. కాబట్టి ఒక్కో అంకె దగ్గరా ఆగుదాం.

మొదటి 4, ఆర్క్ లేనప్పుడు అద్దం ఎంత నల్లగా ఉంటుందో చెబుతుంది. షేడ్ సంఖ్య ఒక్కో మెట్టు పెరిగితే, లోపలికొచ్చే వెలుతురులో మూడో వంతుకి కాస్త పైన మాత్రమే మిగులుతుంది. 4వ షేడ్‌లో బయటి వెలుతురు ఇరవైలో ఒక వంతు కంటికి చేరుతుంది. 3వ షేడ్‌లో అయితే ఏడింట ఒక వంతు. కాగితం మీద చిన్న తేడాలా ఉంటుంది కానీ, సాయంత్రం పూట షెడ్డులో ఒక్క బల్బు కింద రాడ్డు కొస ఎక్కడుందో వెతుక్కునేటప్పుడు ఇదే పెద్ద తేడా. చీకటి మూలల్లో పని చేసేవాళ్ళు 3తో మొదలయ్యే వరుస దొరికితే తీసుకోవచ్చు.

తరవాతి 9–13, ఆర్క్ వెలిగినప్పుడు మనం పెట్టుకోగల నలుపు. 10వ షేడ్ దగ్గర ఏడు వేల వంతుల్లో ఒక వంతు వెలుతురే లోపలికొస్తుంది. ఇంటి పనికి 9, 10, 11 చాలు. 13 దాకా వెళ్ళే అవసరం దాదాపు రాదు. కాబట్టి పై అంకె పెద్దదని ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

అసలు కథ 379కి ముందున్న నాలుగంకెల్లో ఉంది. ఇవి యూరప్ ప్రమాణం ఈఎన్ 379 ప్రకారం అద్దానికి వేసిన మార్కులు. 1 అంటే మేలు, 3 అంటే నాసి. మొదటిది, అద్దంలోంచి చూస్తే గీత వంకర పోతుందా అన్నది. రెండోది, అద్దం లోపల వెలుతురు చెదిరి మసక కమ్ముతుందా అన్నది. మూడోది, అద్దమంతటా నలుపు ఒకేలా ఉందా, ఒక మూల పలచనగా ఇంకో మూల చిక్కగా ఉందా అన్నది.

నాలుగోది కోణం. డబ్బాల మీద దీని గురించి ఎక్కువగా మాట్లాడరు. ఆటో డార్క్ అద్దంలో నల్లబడేది ద్రవ స్ఫటికం, క్యాలిక్యులేటర్ తెర మీద అంకెలు చూపించే పదార్థమే. రెండు పోలరైజర్ల మధ్య దాన్ని బిగించి కరెంటు ఇస్తే వెలుతురికి దారి మూసుకుంటుంది. అయితే దాని స్వభావం ప్రకారం సూటిగా చూస్తే ఒక నలుపు, పక్కనుంచి చూస్తే ఇంకో నలుపు. 15 డిగ్రీలు పక్కకి చూసినప్పుడు ఆ నలుపు ఎంత మారుతుందో నాలుగో అంకె చెబుతుంది. ఫ్యాక్టరీలో బల్ల ముందు నిలబడి చేసేవాడికి ఇది అంతగా పట్టదు. మనం చేసేదేమో గేటు కింద మోకాళ్ళ మీద కూర్చుని, మెడ వంచి, ఓరగా చూస్తూ. చవక అద్దాలు తేలిపోయేది ఇక్కడే. నాలుగో అంకె 3 అయితే ఒక వైపు కరిగిన లోహపు గుంత సరిగ్గా కనిపించదు, మరో వైపు కళ్ళు జిగేల్మంటాయి. 1/1/1/2 మంచి మార్కు. 1/2/1/2తో సర్దుకోవచ్చు. నాలుగో అంకే లేకుండా మూడంకెలతో సరిపెట్టిన వరుస కనిపిస్తే అనుమానించండి.

ఈ వరుస ముద్రించడం కష్టమేమీ కాదు, అందుకే దొంగ ముద్రలకీ అవకాశముంది. నిజాయితీగా పరీక్ష చేయించిన సరుకైతే లోపలి కాగితంలో ధ్రువీకరించిన సంస్థ పేరు, నాలుగంకెల నంబరు ఉంటాయి. ఉదాహరణకి, జర్మనీ సంస్థ దిన్ సెర్ట్‌కో నంబరు 0196. కాగితంలో పేరూ నంబరూ లేకుండా అద్దం మీద మాత్రం 1/1/1/1 అని ఉంటే నమ్మకండి. ఈఎన్ 379 స్థానంలో ఐఎస్ఓ 16321 వచ్చింది కాబట్టి ముందు ముందు గుర్తులు మారతాయి. అమెరికా సరుకు మీద జెడ్87 అని ఉంటుంది.

వేగం మీద ఇంత మోజెందుకు?

1/25,000 సెకను గొప్ప మీద నాకు మొదటినుంచీ అనుమానమే. కంటిని కాల్చే అతినీలలోహిత, పరారుణ కిరణాలని ఆపేది ద్రవ స్ఫటికం కాదు, దాని ముందు అతికించిన వడపోత పొర. దానికి బ్యాటరీతో పని లేదు. అద్దం తేటగా ఉన్నా, బ్యాటరీ చచ్చిపోయినా ఆ కిరణాలు ఆగుతూనే ఉంటాయి. నలుపు ఆలస్యమైతే తగిలేది కంటికి కనిపించే వెలుతురు మాత్రమే: జిగేల్మంటుంది, రోజంతా వందల టాకులు వేసేవాడికి సాయంత్రానికి తల పగిలిపోతుంది. ఆదివారం నాలుగు అతుకులు వేసేవాడికి 1/10,000కీ 1/25,000కీ తేడా తెలియను కూడా తెలియదు.

ఆ డబ్బు సెన్సర్ల మీద పెట్టడం నయం. అద్దం నుదుటి మీద రెండో నాలుగో చిన్న కళ్ళుంటాయి. ఆర్క్‌ని చూసి నలుపుకి ఆజ్ఞ ఇచ్చేది అవే. గ్రిల్ చువ్వల మధ్యనుంచి చేసేటప్పుడు ఒక చదరపు పైపు అడ్డొస్తే రెండూ మూసుకుపోయి, ఆర్క్ వెలుగుతుండగానే అద్దం తేటబడుతుంది. నాలుగుంటే ఆ ప్రమాదం తగ్గుతుంది.

చరిత్ర, గబగబా

ఆర్క్ వెల్డింగ్ పుట్టిన దగ్గర్నుంచి నల్ల అద్దమే గతి. రాడ్డు గురి పెట్టడం, తల విదిలించి ముసుగు దించడం. స్వీడన్‌లో ఓకె హోర్నెల్ 1981లో స్పీడ్‌గ్లాస్ పేరుతో తనంతట తాను నల్లబడే అద్దాన్ని బజారుకి తెచ్చాడు. 2004లో ఆయన కంపెనీని 3ఎం కొనేసింది. ఆ తరవాత చైనా ఫ్యాక్టరీలు రంగంలోకి దిగాయి, ధరలు నేలకి దిగాయి.

ఎంత పెట్టాలి?

ఏడాదికి రెండు మూడు సార్లే పనిబడితే ఆటో డార్క్ అక్కర్లేదు. సరైన షేడ్ నల్ల అద్దంతో చేతి షీల్డో, తలకి పెట్టుకునే మామూలు ముసుగో కంటిని అంతే బాగా కాపాడుతుంది, కొన్ని వందల్లో అయిపోతుంది. ఆటో డార్క్ ఇచ్చే అసలు లాభం రెండో చెయ్యి ఖాళీ కావడం, ముసుగు ఎత్తకుండానే ముక్కని సరైన చోట పట్టుకోగలగడం. వారం వారం పని చేసేవాళ్ళకి అది డబ్బుకి తగిన సుఖం.

బజారులో ఇవి వెయ్యి, పదిహేను వందల దగ్గర మొదలవుతాయి. ఆ ధరలో చాలావాటికి రెండే సెన్సర్లు, మార్చలేని బ్యాటరీ, ఇరుకు కిటికీ. రెండున్నర నుంచి అయిదు వేల మధ్య నాలుగు సెన్సర్లు, మార్చుకోగల సీఆర్2032 బ్యాటరీ, 100 మిల్లీమీటర్ల వెడల్పు కిటికీ, గ్రైండింగ్ మోడ్ దొరికే అవకాశముంది. ఇంటివాడికి సరైన మెట్టు ఇదే. పది వేల పైన ఉన్నవి రోజంతా నెత్తిన పెట్టుకునే వృత్తివాళ్ళకి. ఏ ధరలో కొన్నా, అద్దం ముందుండే ప్లాస్టిక్ పలక విడిగా దొరుకుతుందో లేదో అడగండి. నిప్పురవ్వలకి మొదట పాడయ్యేది అదే. పలక దొరకని హెల్మెట్ ఆరు నెలల్లో మసకబారి మూలన పడుతుంది.

బాక్స్ 1: ఏ రాడ్డుకి ఏ షేడ్?

మామూలు రాడ్డుతో 60 నుంచి 160 ఆంపియర్ల దాకా అమెరికా భద్రతా సంస్థ ఓషా సూచించేది 10. కనీసం 8 ఉండాలి. 160 దాటి 250 లోపు అయితే 12, కనీసం 10. ఇంట్లో వాడే 2.5, 3.15 మిల్లీమీటర్ల రాడ్లు ఎక్కువగా మొదటి కోవలోకే వస్తాయి. ముందు నల్లగా పెట్టుకుని, కరిగిన గుంత స్పష్టంగా కనిపించేదాకా ఒక్కో మెట్టు తగ్గించుకోండి, కనీసానికి కిందికి మాత్రం వద్దు.

బాక్స్ 2: కౌంటర్ దగ్గరే చూసుకోండి

• సెన్సిటివిటీ పూర్తిగా పెంచి, ముఖానికి పెట్టుకోకుండా ఎండ వైపు తిప్పండి. చాలా అద్దాలు నల్లబడతాయి. షాపులోని ఎల్ఈడీ బల్బుకి నల్లబడకపోతే తప్పు పట్టకండి.
• చత్వారం ఉంటే లోపల భూతద్దం పలక దూర్చే గాడి ఉందో లేదో చూడండి.
• కొత్త పలక మీది పల్చటి పొర ఒలిచాకే వాడండి.
• చాలా కాగితాలు 55 డిగ్రీలు దాటనివ్వద్దంటాయి. మే నెల ఎండలో నిలిపిన కారులో వదిలెయ్యకండి.
• గ్రైండింగ్ మోడ్‌లో అద్దం నల్లబడదు. ఆర్క్ కొట్టేముందు మళ్ళీ మార్చారో లేదో చూసుకోండి.

బాక్స్ 3: హెల్మెట్ కాపాడనివి

ఆర్క్ దెబ్బ తగిలిన కళ్ళు వెంటనే చెప్పవు. కొన్ని గంటలయ్యాక, తరచు రాత్రి పడుకున్నాక, ఇసుక పోసినట్టు మండుతాయి. ఆలూ ముక్కలు, పాల చుక్కలు వెయ్యకండి. కంటి డాక్టర్‌కి చూపించండి. మొద్దుబార్చే చుక్కలు ఇంట్లో పదే పదే వెయ్యడం మరీ ప్రమాదం. వెల్డింగ్ పొగనీ, వెల్డింగ్ అతినీలలోహిత కిరణాల్నీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో మనుషుల్లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగని ఈ హెల్మెట్ ఆపదు. ముఖ్యంగా జింకు పూత వేసిన జీఐ పైపు అతికితే ఆ జింకు పొగకి ఆ రాత్రి చలిజ్వరం రావచ్చు. అతుకు చోట పూత గీకేసి, గాలి ఆడే చోట, పొడుగు చేతుల నూలు చొక్కా వేసుకుని చెయ్యండి. పిల్లలు చూస్తూ పక్కన నిలబడితే ఆర్క్ కొట్టకండి. హెల్మెట్ ఉన్నది మీకొక్కరికే.