తుంగభద్ర ఒడ్డున ఒక నడక: పాదాలు భద్రం!



"రోజూ నడవండి" అని డాక్టరుగారు చెప్పగానే చాలామంది తల ఊపి ఇంటికి వెళ్ళిపోతారు. నెల తర్వాత అడిగితే "ఎక్కడ నడవాలండీ? రోడ్డు మీద లారీలు, వీధిలో కుక్కలు" అంటారు. అందుకని ఈసారి మందుల గురించి కాకుండా, నడవడానికి ఒక మంచి చోటు గురించి రాస్తున్నాము. అది మన అలంపూర్. కర్నూలు నుండి సుమారు 27 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి వచ్చేవారు 44వ నెంబరు జాతీయ రహదారిపై అలంపూర్ చౌరస్తాలో దిగి ఆటో ఎక్కితే చాలు.

తెల్లవారుజామునే మొదలుపెట్టండి

నది ఒడ్డున మొదలుపెడదాం. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది నిండినప్పుడు వెనుక నీరు ఇంత దూరం ఎగదట్టి, తుంగభద్ర ఇక్కడ చెరువులా నిలిచి కనబడుతుంది. ఎండాకాలంలో అదే నది ఇసుక తిన్నెలు, బండలుగా మారిపోతుంది. 2009 అక్టోబరు మొదట్లో వచ్చిన వరదకు ఈ ఊళ్ళోకి కూడా నీళ్ళు వచ్చాయి. కనుక నది నిండుగా ఉన్నప్పుడు ఒడ్డు మీద నుండే చూడండి, పిల్లలను మెట్ల దగ్గరకు ఒంటరిగా పంపకండి.

ఒడ్డును ఆనుకొని నవబ్రహ్మ ఆలయాలున్నాయి. 7, 8 శతాబ్దాలలో బాదామి చాళుక్యులు కట్టించినవి. పేరు నవబ్రహ్మలైనా ఇవి శివాలయాలు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని తొమ్మిది. ఎక్కువ వాటికి ఉత్తరాది పద్ధతి గోపురాలు, తారక బ్రహ్మకు మాత్రం దక్షిణాది పద్ధతి. స్వర్గ బ్రహ్మ గోడల మీద దిక్పాలకుల శిల్పాలను నిదానంగా చూడండి. అలా ఆగి చూస్తూ నడిస్తే పెద్దవారికి ఆయాసం రాదు.

ప్రక్కనే జోగులాంబ గుడి. హిందూ సోదరులు 18 శక్తిపీఠాలలో ఒకటిగా కొలుస్తారు. పాత గుడి శిథిలమయ్యాక అమ్మవారి విగ్రహాన్ని చాలాకాలం బాలబ్రహ్మ ఆలయంలో ఉంచారు. ఇప్పుడున్న గుడి 2005లో వచ్చింది. 2016లో ఏర్పడిన మన జిల్లాకు ఆ పేరే పెట్టారు. దగ్గరలోనే శిల్పాల మ్యూజియం, కొంచెం ఇవతల షా అలీ పహిల్వాన్ దర్గా ఉన్నాయి.

పండితుని ఊరు

ఈ వీధుల్లో తిరిగిన పెద్దలలో గడియారం రామకృష్ణశర్మగారు (1919-2006) ఒకరు. ఇక్కడి శిల్పాలు, శాసనాల గురించి లోకానికి తెలియజెప్పినవారు. వారి ఆత్మకథ 'శతపత్రము'కు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1953 జనవరిలో ఈ చిన్న ఊళ్ళోనే ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగాయి. కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభలలోనే.

ఓపిక ఉన్నవారు ఊరి బయటకు కూడా నడవవచ్చు. సుమారు 2 కిలోమీటర్ల దూరంలో పాపనాశి ఆలయాల సమూహం ఉంది. మెట్లు మెట్లుగా ఎగసే పైకప్పులు వీటి గుర్తు. కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా ఇప్పుడు అలంపూర్ దగ్గరే ఉంది. శ్రీశైలం నీటిలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి, మళ్ళీ పేర్చి కట్టారు. రాళ్ళకే అంత శ్రద్ధ చూపినవారి ఊళ్ళో మన కాళ్ళ మీద మనం శ్రద్ధ చూపకపోతే ఎలా?

అసలు సంగతి ఇది

గుళ్ళలో, దర్గాలో చెప్పులు విడవాలి. మన ప్రాంతంలో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, బండలు పెనంలా కాలుతాయి. మామూలు మనిషి ఎగిరి గంతేసి నీడకు పరుగెత్తుతాడు. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవారికి పాదాల స్పర్శ తగ్గిపోతుంది. కాలు కాలుతున్నా తెలియదు. ఇంటికి వచ్చాక బొబ్బ కనబడుతుంది, అది పుండవుతుంది. నిర్లక్ష్యం చేస్తే చీము పట్టి, వేలో పాదమో తీసివేయవలసి వస్తుంది. ఇదంతా ఒక్క మధ్యాహ్నం కొన్ని నిమిషాల నడకతో మొదలు కావచ్చు.

కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించండి:

• ఉదయం 9 గంటలలోపు, లేదా సాయంత్రం బండలు చల్లారాక వెళ్ళండి.
• చెప్పులు విడిచే చోట, అనుమతి ఉంటే, మందపాటి నూలు మేజోళ్ళు వేసుకోండి. మధ్యాహ్నం వేళకు మేజోళ్ళు కూడా చాలవు.
• ఇంటికి రాగానే పాదాలు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. చూపు ఆనకపోతే ఇంట్లోవారిని చూడమనండి.
• బొబ్బను చిదమవద్దు. పసుపు, సున్నం, టూత్‌పేస్ట్ రాయవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి అదే రోజు ఆసుపత్రికి రండి.
• ఇన్సులిన్ గాని, షుగర్ మాత్రలు గాని వాడేవారు ఖాళీ కడుపుతో నడవవద్దు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నోట్లో వేసుకొని కూర్చోండి.
• ఛాతీలో నొప్పి, బరువు అనిపిస్తే ఆగి, వెంటనే సహాయం కోరండి. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే అది రక్త ప్రసరణ లోపం కావచ్చు, డాక్టరుకు చూపించండి.

ఎంత నడవాలి?

పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి, బి.పి. కూడా అదుపులోకి వస్తుంది. ఒకేసారి అరగంట కుదరనివారు పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవండి.

అలంపూర్‌కు రోజూ రాలేరు, నిజమే. ఒక సెలవు రోజు కుటుంబమంతా కలిసి రండి. తర్వాత మీ ఊరి చెరువు కట్ట మీద అదే నడక కొనసాగించండి. రాత్రి పడుకునే ముందు మాత్రం ఒకసారి మీ పాదాలు చూసుకోవడం మరువకండి.