వేలిముద్రను దాచేదెలా?

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకున్నాడు. వాటి మీది వేలిముద్రలతో, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో, నకిలీ ముద్రలు తయారుచేసి ఇతరుల పేర్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు తేల్చారు. ఏ సర్వర్‌నూ హ్యాక్ చేయాల్సిన పని పడలేదు. ముద్రలు ఉన్నవున్నట్టుగా కళ్లెదుటే ఉన్నాయి.

ఇప్పుడు వేలిని యంత్రానికి ఆనించకుండా కెమెరాకు చూపిస్తే చాలనే పద్ధతి వస్తోంది. ఆధార్ సంస్థ ఫోన్‌తోనే ఇలా ముద్ర తీసే విధానం కోసం 2023లో బొంబాయి ఐఐటీతో ఒప్పందం చేసుకుంది. ఇది సౌకర్యమే, కాదనను. కానీ కెమెరా తీసేది వేలి ఫొటో. అందులోంచి కావలసింది తీసుకున్న మరుక్షణం దాన్ని చెరిపేయాలి. గ్యాలరీలోనో సర్వర్‌లోనో మిగిలిపోతే దస్తావేజు మీది ముద్రకూ దానికీ తేడా ఉండదు.

కావలసింది ఏమిటి? వేలి గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ రెండుగా చీలాయి, ఎటు తిరిగాయి అన్న వివరాలు, అంకెల రూపంలో. ఈ అంకెల పట్టికనే టెంప్లేట్ అంటారు. టెంప్లేట్ నుంచి ముద్రను తిరిగి గీయలేరన్న ధీమా చాలాకాలం ఉండేది. గీయవచ్చని 2007 నాటి పరిశోధనలు చూపించాయి. కాబట్టి టెంప్లేట్‌నూ వేలంత జాగ్రత్తగానే కాపాడాలి.

పాస్‌వర్డ్‌ను హ్యాష్‌గా, అంటే వెనక్కి మార్చలేని సంకేతంగా, మార్చి దాస్తారు కదా, ముద్రకూ అదే చేయకూడదా అని అడగొచ్చు. కుదరదు. ఒక్క అక్షరం మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. వేలిముద్రేమో ఏ రెండుసార్లూ అచ్చంగా ఒకేలా పడదు. కెమెరా విషయంలో ఇది మరీ ఎక్కువ: వేలు కాస్త వాలినా, దూరం జరిగినా, వెలుతురు తగ్గినా కొన్ని గీతలు కనబడవు, కొన్ని దగ్గరైనట్టు కనిపిస్తాయి.

దీనికి ఐబీఎం పరిశోధకులు రథా, కానెల్, బోల్ 2001లో ఒక దారి చూపారు. టెంప్లేట్‌ను ఒక రహస్య కీతో కావాలనే వంకర చేసి, ఆ వంకర రూపాన్నే దాస్తారు. కొత్తగా చూపిన వేలినీ అదే కీతో వంకర చేసి రెంటినీ పోలుస్తారు. డేటా లీకైతే కీ మార్చి కొత్త టెంప్లేట్ చేసుకోవచ్చు. బ్యాంకుకు ఒక కీ, ఆఫీసు హాజరుకు మరో కీ వాడితే ఒకచోట దొంగిలించినది ఇంకోచోట చెల్లదు. కీని మాత్రం టెంప్లేట్ ఉన్న సర్వర్‌లోనే పెట్టకూడదు. పోల్చేటప్పుడు వ్యవస్థ తేడాలను ఎంత ఎక్కువ సహిస్తే మోసగాడికి అంత సందు దొరుకుతుంది, బిగిస్తే అసలు మనిషినే వెనక్కి పంపేస్తుంది. ఈ తూకం ఇంకా పూర్తిగా కుదరలేదు.

అందుకే, నన్నడిగితే, వీలున్నచోట ముద్ర ఫోన్‌లోని సురక్షిత చిప్ దాటి బయటకు పోకపోవడమే మేలు. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుంచి 56 లక్షల మంది వేలిముద్రలు పోయాయి. వాళ్లకు కొత్త వేళ్లు ఎవరూ ఇవ్వలేరు.

ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది. అది వేసుకుంటే మీ ముద్రతో ఎవరూ ధ్రువీకరణ చేయలేరు, అవసరమైనప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. మీ ఆఫీసులో కెమెరాకు వేలు చూపించమంటే మూడు సంగతులు అడగండి: ఫొటో ఎప్పుడు చెరిపేస్తారు, కీ ఎక్కడ ఉంచుతారు, ఉద్యోగం మానేశాక నా టెంప్లేట్ ఏమవుతుంది.