‘డిపిక్టు’ అను క్రియాపదము

ఆంగ్లమునందలి డిపిక్టు అను క్రియను సాధారణముగా చిత్రించు, వర్ణించు అని తెనుఁగుచేయుదురు. దీనికి మూలము లాటినులోని డేపింగెరె. అందు పింగెరె యనఁగా రంగులు పూయుట, చిత్తరువు వ్రాయుట. భాషాశాస్త్రజ్ఞులు దీనిని సంస్కృతమందలి పిశధాతువునకు జ్ఞాతి యందురు. అంత్యహల్లులు భిన్నములైనను వైయాకరణులకు రుచించు సామ్య మొకటి యిందుఁ గలదు. ముచాదులలోఁ జేరిన యీ ధాతువునకు ‘పింశతి’ యనుచో నుమాగమము గలదు. ‘పిశితము’ అనుచో లేదు. అట్లే లాటినునందు ‘పింగో’ యనుచో ననునాసికము గలదు. ‘పిక్టుస్’ అను నిష్ఠాంతమున లేదు. ఋగ్వేదమున త్వష్ట రూపములను దీర్చుటయు నీ ధాతువుతోనే చెప్పఁబడినది.

రంగునుండి మాటకు నర్థము వ్యాపించుట మనకుఁ గ్రొత్త గాదు. రంగు వేయుట, గుణములు చెప్పుట రెండును వర్ణధాతువునకు ధాతుపాఠోక్తములే. కావున వర్ణించుట యనునది డిపిక్టునకు మిక్కిలి దగ్గఱ. కాని తెనుఁగువాడుకలో వర్ణనమునకుఁ బ్రశంసాచ్ఛాయ యంటినది. ఆంగ్లపదమున కది లేదు. దారిద్ర్యమును, హత్యను సైత మా క్రియతోఁ జెప్పుదురు.

పాఠశాలలలోఁ దఱచు కలుగు పొరపాటు వేఱొకటి: దీనిని రిప్రజెంటుతోఁ గలుపుట. అమరావతీశిల్పములఁ బెక్కింట బుద్ధుని యాకృతి లేదు. శూన్యాసనము, పాదముద్రలు, ధర్మచక్రము మాత్రమే యుండును. అచ్చట శిల్పి డిపిక్టు చేసిన దాసనమును. రిప్రజెంటు చేసినది బుద్ధుని. మొదటిదానికి రూపించుట, రెండవదానికి సూచించుట యనుట యుక్తము. ఆ స్తూపముననే తరువాతికాలపుఁ బలకలలో బుద్ధుఁడు మానవాకృతితోఁ గన్పట్టును. అచ్చట డిపిక్టు బుద్ధునకే చెల్లును.