లుప్త మూకీ చిత్రములు – హైదరాబాదు లోటస్ ఫిలిం కంపెనీ

లుప్త గ్రంథములను గూర్చి విచారించుట తెలుగు పరిశోధకులకు క్రొత్త గాదు. నన్నెచోడుని 'కళావిలాసము' మనకు లభింపలేదు. పెదపాటి జగ్గన 'ప్రబంధరత్నాకరము'న ఉదాహరించిన పద్యములవలననే దాని ఉనికి తెలియుచున్నది. ఆ పద్యములను బట్టి శైలిని కొంత ఊహింపవచ్చును గాని, కావ్యమంతటి కథాసంవిధానమును నిర్ణయింపరాదు. ఈ న్యాయమే మూకీ చిత్రములకును వర్తించునని నిరూపింప దలచితిమి.

ధీరేంద్రనాథ గంగూలీ వంగదేశీయుడు. శాంతినికేతనమున విద్య నభ్యసించి, హైదరాబాదున చిత్రకళ బోధించినవాడు. కలకత్తాలో 1921లో విడుదలయిన 'బిలాత్ ఫెరత్' చిత్రమున నాయకపాత్ర ధరించి ప్రసిద్ధి కెక్కెను. పిమ్మట 1922లో నిజాము ప్రాపున హైదరాబాదున లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పెను. 'ఇంద్రజిత్', 'హరగౌరి', 'యయాతి' వంటి పౌరాణికములును, 'లేడీ టీచర్', 'మారేజ్ టానిక్' వంటి సాంఘికములును ఆ సంస్థనుండి వెలువడినవి. 1924లో గంగూలీ 'రజియా బేగం' అను చిత్రమును ప్రదర్శించెను. ముస్లిము రాణి హిందువును ప్రేమించుట అందలి కథ. నిజాము ఆగ్రహించి ఆయనను రాజ్యము విడిచి పొమ్మని ఆజ్ఞాపించెను. అంతటితో హైదరాబాదున తొలి చిత్రనిర్మాణశాఖ వాడిపోయెను. గంగూలీ కలకత్తాకు మరలి చిరకాలము చిత్రరంగమున నిలిచి, 1975వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందెను. ఆయన హైదరాబాదు చిత్రములు మాత్రము నేడు పేర్లుగానే మిగిలినవి. మద్రాసున రఘుపతి ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మప్రతిజ్ఞ'కును ఇదే గతి పట్టినది.

ఈ నాశమునకు కారణములు స్పష్టములు. ఆ కాలపు ఫిలిము నైట్రేటుతో చేయబడినది. అది సులభముగా అంటుకొనును. అంటుకొన్నచో ఆర్పుట దుస్సాధ్యము. ఉష్ణదేశములలో ముందు జిగురుగా, పిదప పొడిగా మారిపోవును. 1931లో టాకీలు వచ్చినంతనే మూకీలకు గిరాకి పోయినది. అందలి వెండికై కరిగించిన ప్రతులును కలవు. పూనాలో జాతీయ ఫిలిం భాండాగారము 1964లో వెలయునప్పటికే కాలాతీతమైనది. చిత్రముతోపాటు నష్టమైనది మరియొకటి కలదు: దృశ్యముల నడుమ చూపెడి వ్యాఖ్యానఫలకములు. పలు భారతీయ మూకీలలో ఇవి ఒకటికంటె ఎక్కువ భాషలలో నుండెడివి. భాషాచరిత్రకారునకు ఇవి సాహిత్యసామగ్రియే.

నష్టమునందును తారతమ్యము కలదు. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము 2013లో ప్రకటించిన పరిశీలన ననుసరించి, ఆ దేశపు 10,919 మూకీ కథాచిత్రములలో మూలరూపమున నిలిచినవి నూటికి 14. అసంపూర్ణముగా మిగిలినవి నూటికి 5. ఫాల్కే 1913లో విడుదల చేసిన 'రాజా హరిశ్చంద్ర' నాలుగు రీళ్లలో మొదటిది, తుదిది దక్కినవని ప్రసిద్ధి. అయితే అవి 1917లో ఫాల్కే మరల తీసిన చిత్రములోనివని కొందరు చరిత్రకారులు వాదించుచున్నారు. శకలము కంటబడినంత మాత్రమున అది ఏ మూలమునకు చెందినదో తేలిపోదు. తాళపత్రప్రతుల పరిష్కర్తలకు ఈ చిక్కు అనుభవైకవేద్యము.

చిత్రమే లేనిచోట కాగితము సాక్ష్యమగును. 'భక్తప్రహ్లాద' టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని చిరకాలము వ్రాయుచు వచ్చిరి. సెన్సారు ధ్రువపత్రము 1932 జనవరిలో లభించినదనియు, చిత్రము ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయ్యెననియు తరువాతి పరిశోధన తేల్చినది. ఆ చిత్రమును లభ్యము కాదు. అయినను దాని చరిత్ర సవరింపబడినది.

కావున లోటస్ చిత్రములయెడ మూడింటిని వేరుచేయవలెను: శకలము, సాక్ష్యము, ఊహ. 'యయాతి' అను పేరొకటి చూచి, అది భారతకథ ననుసరించినదని వ్రాయుట ఊహయే. నాటి పత్రికాప్రకటన, కరపత్రము, ప్రభుత్వపు దస్త్రము సాక్ష్యములు. ఇట్టివి ఉర్దూ, ఆంగ్ల, తెలుగు పత్రికల పాతసంపుటములలో వెదకదగినవి.

మూలముపై ఆశయు వదలనక్కరలేదు. జాన్ ఫోర్డు తీసిన కౌబాయి చిత్రము 'స్ట్రెయిట్ షూటింగ్' (1917) ప్రతి 1966లో చెకొస్లొవేకియా భాండాగారమున బయటపడినది. ఆయనదే 'ది స్కార్లెట్ డ్రాప్' (1918) కొంతభాగమే మిగిలినదని తలంచుచుండగా, ప్రతి చిలీ దేశమున దొరకినట్లు 2024లో వెల్లడియైనది. ఫిలిము పుట్టినచోటనే యుండవలెనను నియమము లేదు. అది దొరకిన దినమున గుర్తుపట్టుటకు మనయొద్ద సాక్ష్యసంచయము సిద్ధముగా నుండవలెను. ఆ పని నేటి పరిశోధకవిద్యార్థులదని మా అభిప్రాయము.