బురద గుట్టపై డీజిలు బండి

వరంగల్లు నుండి ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారము వైపు పోవువారికి అడవులు, గుట్టలు, వాగులు ఎదురగును. 2016 వరకు ఈ ప్రాంతమంతయు వరంగల్లు జిల్లాలోనిదే. 2019లో ములుగు ప్రత్యేక జిల్లా అయినది. 2023 జూలై 27న ఈ జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైనది. అంతటి వాన ఏటేట కురియదు. కాని అడవిలోని గూడెములకు పోవు మట్టిబాట బురదయగుటకు మామూలు ముసురు చాలును. అప్పుడు బియ్యము, ఎరువుల బస్తాలు మోయు పికప్ బండి గుట్ట మొదట నిలిచిపోవును. నొప్పులు పడు స్త్రీని డోలీలో మోసికొని రావలసిన దుస్థితియు ఇట్టి దినములలోనే కలుగును.

బండికి బలము చాలక ఇట్లు జరుగుచున్నదని పలువురు తలచుచుందురు. లెక్క చూచినచో సంగతి వేరని తెలియును.

జర్మనీ దేశస్థుడగు రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతముగా నడిపిన ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. గాలిని సుమారు 15 నుండి 20 వంతులలో ఒక వంతుకు అణచినచో అది 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కును. అందులో చిమ్మిన నూనె తనంత తానే మండును. నేటి డీజిలు ఇంజను నిమిషమునకు 1,500 చుట్లు మాత్రమే తిరుగుచున్నను త్రిప్పుడు బలము, అనగా టార్క్, నిండుగా ఇచ్చును. మన పల్లెలలో తిరుగు బొలెరో వంటి పికప్ బండ్లలో ఇది దాదాపు 200 న్యూటన్ మీటర్లు. మొదటి గేరులో గేరుపెట్టె, ఇరుసు కలిసి దీనిని 16 రెట్లు చేయునని, చక్రపు వ్యాసార్ధము 35 సెంటీమీటర్లని అనుకొందము. అప్పుడు చక్రముల అంచు వద్ద కలుగు లాగుడు ఇంచుమించు 900 కిలోల బరువునకు సమానము. 1,800 కిలోల ఖాళీ బండిని 2 అడుగులకు 1 అడుగు ఎత్తు లేచు ఏటవాలుపైకి లాగుటకు ఇది రమారమి చాలును. ఇంజను ఇచ్చిన బలమును తిరిగి ఆనించుకొనవలసినది నేల. లోపము అక్కడ.

వరంగల్లు సీమలో రెండు విధములగు నేలలు ప్రసిద్ధములు. ఎఱ్ఱని చెల్క, మొరము నేలలు ఒకటి, నల్లరేగడి రెండవది. చెల్కలో ఇసుక పాలు ఎక్కువ. అందలి బంకమన్నులో కెయోలినైటు అను ఖనిజము హెచ్చుగా నుండును. రేగడిలో ముఖ్యమైనది మాంట్‌మొరిల్లొనైటు. దీని కణములు అతి పలుచని రేకులు. ఆ రేకుల నడుమకు నీరు చొరబడి వాటిని ఎడము చేయును. అందువలననే రేగడి వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. ఒక గ్రాము కెయోలినైటు ఉపరితలము 10, 20 చదరపు మీటర్లైనచో, మాంట్‌మొరిల్లొనైటుది 800 చదరపు మీటర్ల వరకు నుండును. అంత ఉపరితలమును నీరు పట్టిన పిమ్మట కణమునకు కణమునకు ఒరిపిడి ఎక్కడిది?

నేల ఎంత లాగుడునకు తెగక నిలుచునో ఫ్రెంచి ఇంజనీరు కూలుంబు 1776లోనే సూత్రీకరించెను. విద్యుదావేశముల సూత్రము వలన మన విద్యార్థులు ఎరిగిన కూలుంబే ఈయన. నేల బలమున రెండు పాళ్ళు కలవు. ఒకటి కణముల ఒరిపిడి. పైబరువు పెరిగిన కొలది ఇదియు పెరుగును. రెండవది కణముల అంటుదల. దీనికి బరువుతో పని లేదు, అంటిన వైశాల్యముతోనే పని. మొరములో మొదటిది ప్రధానము. నీరు త్రాగిన రేగడిలో, చక్రము దాటిపోవు కొద్ది క్షణములలో, దాదాపు రెండవది ఒక్కటే మిగులును. ఒకే బండిని ఈ రెండు నేలలపై ఒకే రీతిగా నడుపరాదనుటకు కారణమిదే.

మొరము బాటపై పలుచని బురద కలదనుకొందము. ఘర్షణ గుణకము 0.2. ఖాళీ పికప్పున ఇంజను ముందుండుట వలన వెనుక చక్రములపై బరువు తక్కువ. 720 కిలోలు అనుకొందము. సరకు మోయు పికప్పులలో పెక్కింటికి ఇంజను త్రిప్పునది వెనుక చక్రములనే గనుక లభించు లాగుడు 144 కిలోలే. బురదను త్రొక్కుకొని పోవుటకే బండి బరువులో పదవ వంతు, అనగా 180 కిలోలు, కావలసివచ్చినచో ఆ బండి సమతలముపైననే కదలదు! నాలుగు చక్రములు తిరుగు బండికి 360 కిలోల లాగుడు దొరకును. 180 పోగా మిగిలినది 10కి 1 వాలు ఎక్కుటకు వచ్చును. వెనుక చక్రముల బండివారు ఇరుసు మీదుగా నాలుగైదు ఇసుక బస్తాలు వేసికొనుట ఇచట తెలివైన పనియే.

రేగడిలో ఈ ఉపాయము అంతగా పారదు. మన్ను చదరపు సెంటీమీటరునకు 0.3 కిలోల కోతకు ఓర్చుననుకొనుడు. అట్టి మన్ను మోయగల ఒత్తిడి అందుకు 5, 6 రెట్లు, అనగా 1.5 నుండి 1.8 కిలోలు. గాలి 3 కిలోలు నింపిన టైరు 450 కిలోల బరువును 150 చదరపు సెంటీమీటర్లపై మోపును, వెంటనే దిగబడును. గాలిని 1.5 కిలోలకు తగ్గించినచో టైరు అణగి 300 చదరపు సెంటీమీటర్లు పరచుకొనును. నేల మోయగలుగును, చక్రమునకు దొరకు లాగుడు 45 నుండి 90 కిలోలకు పెరుగును. అదనపు బస్తాలు వేసినచో టైరు మరికొంత అణగునన్నది నిజమే గాని, చక్రము లోతుగా దిగి ఎదుటి మన్నును నెట్టవలసివచ్చును. గాలి తగ్గించిన బండిని వేగముగా తోలరాదు. నిండు బరువు వేయరాదు. గట్టి బాట చేరగనే గాలి మరల నింపవలెను. చక్రమునకు, నేలకు గల ఈ సంబంధమును ఎం. జి. బెకర్ 1956లో ప్రకటించిన గ్రంథముతో ఒక శాస్త్రముగా నిలబెట్టెను. చంద్రునిపై తిరిగిన బండి చక్రముల రూపకల్పనలోను ఆయన పాలుపంచుకొనెను.

బండి దిగబడినప్పుడు ఒక చక్రము గిరగిర తిరుగుచు, రెండవది కదలకుండుట అందరును చూచినదే. మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరము పోవలెను గనుక ఇరుసులో డిఫరెన్షియల్ అను గేర్ల కూర్పు ఉండును. అది రెండు చక్రములకు సమాన వేగము నీయదు, సమానమైన టార్క్ నిచ్చును. జారు చక్రమునకు నేల ఎంత ఆనునో, గట్టినేలపైనున్న రెండవ చక్రమునకును అంతే అందును. కొందరు అనుభవజ్ఞులైన డ్రైవర్లు హ్యాండ్ బ్రేకును కొద్దిగా లాగి పట్టి బండిని బయట వేయుదురు. బ్రేకు జారు చక్రమును అడ్డుటచే దాని టార్క్ పెరుగును. అంత టార్క్ రెండవ చక్రమునకును చేరును. యాక్సిలరేటరు త్రొక్కి చక్రమును ఊరక త్రిప్పుట మాత్రము హాని. కలిసిన కొలది రేగడి మరింత మెత్తబడును. కొమ్మలు, రాళ్ళు పరచి నెమ్మదిగా కదలించుట మేలు.

గుట్టను అడ్డముగా గాక నిలువుగా ఎక్కవలెను. పైకి పోలేనిచో బండిని మధ్యలో త్రిప్పక, రివర్సు గేరులోనే తిన్నగా దిగవలెను. దిగునపుడు మొదటి గేరు వేసి క్లచ్చి జోలికి పోరాదు. డీజిలు ఇంజనులో గాలికి మూత లేదు గనుక అది పెట్రోలు ఇంజనువలె తనంత తాను గట్టిగా ఆపదు. తక్కువ గేరే ఆ లోటు తీర్చును. బ్రేకు బిగియబట్టినచో చక్రము నిలిచి, బండి జారుట సాగును, స్టీరింగు పనిచేయదు.

తరగతిలో దీనిని చూపుటకు ఒక గరుకు పలక, నీటిలో నానబెట్టిన ఇటుక చాలును. పలకపై ఇసుక పరచి ఇటుకను మొదట వెడల్పుగా, తరువాత పక్కకు నిలిపి, పలక ఒక కొనను మెల్లగా ఎత్తి, జారు కోణమును కొలువవలెను. రెండుసార్లును అది ఇంచుమించు ఒకటే. ఇసుక బదులు మెత్తగా కలిపిన రేగడి పూసి చూచినచో, పక్కకు నిలిపిన ఇటుక ముందుగా జారును. వెడల్పుగా పెట్టిన ఇటుకపై రెండవ ఇటుక ఉంచినచో, బరువు రెట్టించినను అంటుదల రెట్టింపు కాదు; ఒంటి ఇటుక 30 డిగ్రీలకు జారినచో జంట ఇటుకలు సుమారు 15 డిగ్రీలకే జారును.