76 ఓట్లు, ఒక మొండివాడు
భిలాయి గనుల పట్టణంలో తీసిన ‘న్యూటన్’ కొందరిని నవ్వించింది, కొందరిని నొప్పించింది. అది ఎవరి పక్షం అన్న తగువు మాత్రం ఇంకా తెగలేదు

అడవి మధ్యలో ఒక పాడుబడ్డ బడి. లోపల బల్ల, బల్లమీద ఓటింగ్ యంత్రం. బయట తుపాకులు పట్టుకున్న జవాన్లు. జాబితాలో ఓటర్లు 76 మంది. పొద్దెక్కుతున్నా వచ్చినవారు ఒక్కరూ లేరు. సిబ్బంది ఆవులిస్తుంటే ప్రిసైడింగ్ అధికారి మాత్రం నిటారుగా కూర్చుని గడియారం చూసుకుంటూ ఉంటాడు. నిబంధన ప్రకారం పోలింగ్ ముగియాల్సిన సమయం కాలేదు కాబట్టి అతను కుర్చీలోంచి లేవడు.

అమిత్ మసుర్కర్ దర్శకత్వంలో 2017 సెప్టెంబరు 22న విడుదలైన హిందీ చిత్రం ‘న్యూటన్’లో హాస్యమంతా ఈ కుర్చీ చుట్టూనే తిరుగుతుంది. నూతన్ అనే పేరు నచ్చక తనే న్యూటన్ అని మార్చుకున్న కుర్ర గుమాస్తాగా రాజ్‌కుమార్ రావు, అతన్ని వీలైనంత త్వరగా వెనక్కి పంపేయాలని చూసే సీఆర్‌పీఎఫ్ అధికారి ఆత్మాసింగ్‌గా పంకజ్ త్రిపాఠీ నటించారు. ఒకరు చట్టం చదువుకున్నవారు, మరొకరు అడవి చదువుకున్నవారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పరు. చిక్కంతా అక్కడే.

చిత్రీకరణ జరిగిన ఊరికీ ఈ కథలో వాటా ఉంది. సోవియట్ సాయంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి కొలిమి 1959లో వెలిగింది. దాని ఆకలి తీర్చేందుకు ఉత్తరాన నందిని గనుల నుంచి సున్నపురాయి, దక్షిణాన దల్లీ రాజహరా కొండల నుంచి ఇనుప ఖనిజం వచ్చేవి. ‘న్యూటన్’ను తీసింది ఆ దల్లీ రాజహరాలోనే. స్థానిక ఆదివాసులు కూడా తెరమీద కనిపిస్తారు. బతుకుదెరువుకు వెళ్లిన తెలుగు కుటుంబాలు భిలాయిలో ఎన్నో ఉన్నాయి. సెక్టార్ 5లోని బాలాజీ మందిరమే అందుకు గుర్తు.

దల్లీ రాజహరా నిబంధనలకూ వాస్తవానికీ మధ్య దూరాన్ని ముందే చూసిన ఊరు. 1977లో గని కార్మికులపై అక్కడ కాల్పులు జరిగాయి. వారిని కూడగట్టిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురయ్యారు. ఆ కార్మికులు తమ శ్రమతో, చందాలతో కట్టుకున్న షహీద్ ఆస్పత్రి నేటికీ ఉంది. అక్కడి ఖనిజం తరిగిపోతుండటంతో కర్మాగారం చూపు ఇంకా దక్షిణాన, బస్తర్ వైపు ఉన్న రావ్‌ఘాట్ మీద పడింది. అక్కడికి వేసే రైలు మార్గం పనులు సాయుధ బలగాల కాపలాలో సాగాయి. సినిమాలో బడికి కాపలా ఉన్నట్టే.

ఎవరి నవ్వు ఎవరికి గుచ్చుకుంది?

సినిమాలో అందరూ గుర్తుపెట్టుకునే ఘట్టం ఓటర్లు వచ్చాక మొదలవుతుంది. స్వచ్ఛందంగా కాదు, విదేశీ విలేకరి వస్తోందని తెలిసి జవాన్లు ఊళ్లోకి వెళ్లి తోలుకొస్తారు. వచ్చినవారికి అభ్యర్థులెవరో తెలియదు. ఓటు వేస్తే తమకేం ఒరుగుతుందో తెలియదు. న్యూటన్ ఓపిగ్గా పాఠం మొదలుపెడతాడు. అది తలకెక్కడం లేదని చూసి ఆత్మాసింగ్ అడ్డుపడతాడు. యంత్రాన్ని ఆటబొమ్మగా చూపించి, ఏ బొత్తాం నచ్చితే అది నొక్కి పొమ్మంటాడు. పని చకచకా సాగిపోతుంది. కెమెరాకు వరుసలో నిలబడ్డ ప్రజాస్వామ్యం కనిపిస్తుంది. ప్రేక్షకుడు నవ్వుతాడు. మరుక్షణం నవ్వినందుకు ఇబ్బంది పడతాడు.

అభిప్రాయాలు చీలింది సరిగ్గా ఇక్కడే. ప్రాణాలొడ్డి పోలింగ్ జరిపిస్తున్న బలగాలను ఎగతాళి చేశారన్నది ఒక ఆరోపణ. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2010 ఏప్రిల్ 6న దంతేవాడ జిల్లా తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో చనిపోయిన భద్రతా సిబ్బంది సంఖ్య కూడా 76. సినిమాలోని ఓటర్ల సంఖ్యతో అది కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ తన మనుషులను ప్రాణాలతో శిబిరానికి చేర్చడమే పరమార్థం అనుకునే ఆత్మాసింగ్ విసుగు వెనుక అలాంటి లెక్కలే ఉన్నాయి.

రెండో ఆరోపణ దీనికి పూర్తిగా ఎదురు. తగలబడిన ఇళ్లు చూపించి, తగలబెట్టిందెవరో గట్టిగా చెప్పకుండా దాటేశారని, ఆదివాసుల కష్టాన్ని నగర ప్రేక్షకుల వినోదానికి వాడుకున్నారని. ఇదీ ఉత్త మాట కాదు. 2005లో మొదలైన సల్వాజుడుం వల్ల ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఎంతోమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో తలదాచుకున్నారు. సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్ తదితరుల పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2011 జూలై 5న ఇచ్చిన తీర్పులో ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి పోరాటంలోకి దించడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అంత చరిత్రను సినిమా ఒకటి రెండు మాటల్లో, ఎక్కువగా మాల్కో అనే స్థానిక ఉపాధ్యాయురాలి చూపుల్లో చెప్పి ఊరుకుంటుంది.

మాల్కోగా నటించిన అంజలీ పాటిల్ తెలుగువారికి ‘నా బంగారు తల్లి’ ద్వారా పరిచయమే. ఆ పాత్రకు ఆమె జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రశంస పొందారు. ‘న్యూటన్’లో అందరికన్నా తక్కువ మాట్లాడి అందరికన్నా ఎక్కువ చెప్పేది ఆమే. పుట్టి పెరిగిన అడవిలో ఆమెకు ఏదీ వింత కాదు. వింతంతా బయటినుంచి వచ్చినవారిదే.

తెలుగు ప్రేక్షకుడికి అడవి కథలు కొత్త కాదు. ‘ఎర్రసైన్యం’, ‘ఒసేయ్ రాములమ్మా’ వంటి చిత్రాలు ఎవరి పక్షమో ముందే చెప్పేశాయి. ఇరువైపులా వేలెత్తి చూపిన ‘సింధూరం’ జాతీయ అవార్డు తెచ్చుకుంది కానీ థియేటర్లను నింపలేకపోయింది. పక్షం తేల్చని సినిమా చూసి బయటికొచ్చినవాడికి ఏదో బాకీ ఉండిపోయినట్టు ఉంటుంది. ‘న్యూటన్’ ఆ బాకీని కావాలనే తీర్చదు.

బయట మాత్రం గౌరవం బాగానే దక్కింది. 2017 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో ప్రదర్శితమై అవార్డు పొందింది. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, త్రిపాఠీకి ప్రత్యేక ప్రశంస దక్కింది. ఆస్కార్‌కు భారత్ ఎంట్రీగా వెళ్లినా తుది వడపోతకు ముందే ఆగిపోయింది. ఇరానీ చిత్రం ‘సీక్రెట్ బ్యాలెట్’కు నకలన్న మాట వచ్చినప్పుడు, ఆ చిత్ర దర్శకుడు బాబక్ పయామీయే అలాంటిదేమీ లేదన్నారు.

ఆ తర్వాత అడవి మారింది. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన నంబాల కేశవరావు 2025 మే 21న నారాయణపూర్ జిల్లా అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో మరణించారు. బహిష్కరణ పిలుపులు బలహీనపడుతున్నాయి. అయితే సినిమా అడిగింది తుపాకుల గురించి ఒక్కటే కాదు. బొత్తాం నొక్కడానికి ముందు, నొక్కిన తర్వాత ఆ మనిషికి ప్రభుత్వం ఏమవుతుంది అని. తుపాకులు వెనక్కి వెళ్లినంత మాత్రాన దానికి జవాబు రాదు.

చివర్లో, కొన్ని నెలల తర్వాత, మాల్కో న్యూటన్‌ను చూడటానికి అతని ఆఫీసుకు వస్తుంది. మెడకు పట్టీతో అతను ఫైళ్ల మధ్య ఉంటాడు. చట్టం కోసం తిన్న దెబ్బలకు అది గుర్తు. కబుర్లు చెప్పుకోవడానికి లేవమంటే లేవడు. విరామానికి ఇంకా అయిదు నిమిషాలుంది మరి. అతన్ని చూసి కొందరు మూర్ఖుడంటారు, కొందరు ఇలాంటివాళ్లు ఇంకో నలుగురుంటే చాలంటారు. మాల్కో మాత్రం రెండూ అనదు. ఆ అయిదు నిమిషాలూ ఎదురుచూస్తుంది.