అరువు టైర్లతో పాసైతే ఏం లాభం?

కిందటేడు మా డీజిల్ కారుకి పదిహేనేళ్లు నిండాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల వరకే చెల్లుతుంది. తర్వాత బండిని తనిఖీకి చూపించాలి. పాసైతే మరో అయిదేళ్లు పొడిగిస్తారు. "మొన్నేగా వైజాగ్ వెళ్లొచ్చింది, దీనికేం రోగం" అంటూ మావారు ధీమాగా తీసుకెళ్లారు. సాయంత్రం చోడవరం వచ్చేసరికి ముఖం వాడిపోయి ఉంది. కారు ఫెయిల్!

పొగ ఎక్కువట. ముందు టైర్లు అరిగిపోయాయట. హ్యాండ్ బ్రేకు పట్టడం లేదట. ఒక హెడ్‌లైటు రోడ్డుని వదిలి చెట్ల మీదకి చూస్తోందట.

మెకానిక్ వచ్చి ఉపాయం చెప్పాడు. "కొత్త టైర్లెందుకు బాబూ? ఒక్కపూటకి మంచి టైర్లు అద్దెకిస్తాను. పాసైపోయాక మీవి మీకు బిగించేస్తాను. దీనికేటి ఇంత ఆలోచన!"

మావారి ముఖం వెలిగింది. నాకు మాత్రం గుండె జారిపోయింది. ఆ పై ఆదివారమే అత్తయ్యగారినీ, పిల్లల్నీ తీసుకుని పాడేరు మోదకొండమ్మ దర్శనానికి వెళ్లాలి. దారిలో ఘాట్ రోడ్డు.

"ఏవండీ, ఘాట్ ఎక్కేటప్పుడు కారుకుండేది ఏ టైర్లు?" అన్నాను. జవాబు లేదు. పెళ్లిచూపులకి అరువు నగలు పెట్టుకుంటే మోసపోయేది అవతలివాళ్లు. ఇక్కడ మోసపోయేది మనమే కదా!

మర్నాడు నేనూ షెడ్డుకి వెళ్లి కూర్చున్నాను. అక్కడ తెలుసుకున్నవి మీకూ చెబుతాను. వీటిలో చాలావరకు మనం ఇంటి ముందే చూసుకోవచ్చు.

పొగ సంగతి వంటింటి భాషలోనే అర్థమైంది. స్టవ్వు బర్నరు పూడుకుపోతే మంట పసుపుపచ్చగా వచ్చి గిన్నెలు మసిబారవూ? ఇదీ అంతే. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండినా, ఇంజెక్టర్లు పాడైనా డీజిల్ సరిగ్గా కాలక నల్లపొగ వస్తుంది. నీలంపొగైతే ఇంజనాయిలు కాలుతున్నట్టు. పరీక్షలో ఇంజను వేడెక్కాక, గేరు వేయకుండా యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పొగ చిక్కదనం కొలుస్తారు. భారత్ స్టేజ్-4 కి ముందు వచ్చిన డీజిల్ బండ్లకి హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. ఇది కాగితం కోసం మాత్రమే కాదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. మా ఫిల్టరు బయటికి తీస్తే నెలల తరబడి దులపని పరుపులా ఉంది!

టైరు గాడుల అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. ఇక మార్చాల్సిందే. హ్యాండ్ బ్రేకు తీగ సాగిపోతే బిగించాలి. రాత్రిపూట గోడకి ఎదురుగా కారు నిలిపి లైట్లు వేస్తే రెండు వెలుగులూ సమానంగా ఉన్నాయో లేదో మనకే తెలుస్తుంది. స్టీరింగు కాస్త తిప్పినా చక్రం కదలకపోతే కీళ్లు అరిగాయని అర్థం. గోతుల రోడ్ల మీద తిరిగే బండ్లకి ఇది మామూలే. ఛాసిస్ నెంబరు తుప్పు పట్టి కనబడకపోయినా తనిఖీలో ఇబ్బందే. వైపర్లు, హారను, సీటు బెల్టులు సరేసరి.

ఖర్చు మాటా చెప్పాలి. కార్లకి ఈ పొడిగింపు రుసుం 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 అయింది. ఇరవయ్యేళ్లు దాటిన బండ్లకి 2025 ఆగస్టులో మరీ పెంచారు. అందుకే నెల ముందే మంచి మెకానిక్‌కి చూపించుకోవడం మేలు.

టైర్ల కోసం నా చీటీ డబ్బు తీసిచ్చాను. రెండోసారి కారు పాసైంది. పాడేరు ప్రయాణం పదిహేను రోజులు వెనక్కి జరిగింది. "అమ్మవారెక్కడికీ పోదులేవే" అన్నారు అత్తయ్యగారు.

ఘాట్‌లో ఒకచోట ఎదురుగా లారీ వస్తే, ఏటవాలులో కారు ఆపాల్సి వచ్చింది. మావారు హ్యాండ్ బ్రేకు లాగారు. కారు అంగుళం కూడా వెనక్కి జారలేదు. ఆయన నా వైపు చూసి ఏమీ అనలేదు. నేనూ అనలేదు. వెనక సీట్లో పిల్లలు అత్తయ్యగారి ఒళ్లో తల పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నారు.